“నీ చిత్తమే” దగ్గర ఆగిపోయాను

నేను రిటైరైన ఏడాది నా భార్య కరుణకు కడుపులో గడ్డ ఉందని జగిత్యాలలో ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకెళ్ళే ముందు స్ట్రెచర్ పక్కన నిలబడి ప్రార్థన మొదలుపెట్టాను. చర్చి సంఘ పెద్దగా కోరుట్లలో ఎందరో రోగుల కోసం చేసిన ప్రార్థనే. కానీ “నీ చిత్తమే” అనగానే ఆగిపోయాను. ఆ మాట పూర్తిచేస్తే ఆమెను తీసుకుపొమ్మని నేనే ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాను.

కరుణ కళ్ళు తెరిచింది. “ఏందయ్యా, గక్కడనే ఆగినవ్? నువ్వు అనకుంటే దేవుడు నిన్నడిగి చేస్తడా? అను. నాకు సుత భయమైతుంది.”

ఆమె చెయ్యి పట్టుకుని, “నీ చిత్తమే జరుగును గాక” అన్నాను.

“ఆమేన్” అంది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది, ఆపరేషన్ గది తలుపు మూసుకుంది.

కరుణ బతికి వచ్చింది. అయినా ఆ తలుపును ఇప్పటికీ మరచిపోలేదు. ఇప్పుడు ఎవరి మంచం దగ్గరైనా ఆ మాట అనే ముందు, “అనమంటారా?” అని వాళ్ళనే అడుగుతాను.