ఆసుపత్రికి మళ్లిన తోట నీళ్లు

మొన్న కదిరి నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, డిగ్రీలో ఆసుపత్రి నిర్వహణ కోర్సులో సీటు వచ్చిందనీ, అందులో ఏమేం నేర్పిస్తారో చెప్పమనీ అడిగింది. పాఠాల పేర్లు గుర్తున్నంతవరకు చెప్పాను కానీ, ఫోన్ పెట్టేశాక నా మనసులో మెదిలింది ఆ పాఠాలు కావు, మా నాయన చీనీ తోట, అంటే బత్తాయి తోట.

నేను అదే కోర్సులో చేరిన రోజుల్లో ఆ చదువు అనంతపురానికి కొత్త. ఆసుపత్రి అంటే డాక్టరూ నర్సూ తప్ప మూడోవాళ్లు ఉంటారని అప్పట్లో ఎవరికి తోచేది చెప్పండి? మాది ఉరవకొండ దారిలో ఒక పల్లె. వేరుశనగ వానల దయ మీద పండేది. ఉన్న ఒక్క బోరు కింద నాయన బిడ్డల్లా పెంచుకున్న చీనీ చెట్లుండేవి. "డాక్టరమ్మవి గావు, నర్సమ్మవి గావు, ఇంగ ఆడ నువ్వు జేసేదేందమ్మా?" అని ఆయన అడిగినప్పుడల్లా నేనేదో పుస్తకంలో మాట చెప్పేదాన్ని, ఆయన సగం విని తోటకు పోయేవాడు.

చివరి ఏడాది వేసవిలో శిక్షణకు నన్ను అనంతపురం శివార్లలోని ఒక చిన్న ఆసుపత్రికి పంపారు. అక్కడి మేనేజరు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. వరసగా వానలు తప్పిన కాలం కదా, ఆసుపత్రి బోరు ఎండిపోయింది, ట్యాంకరు నీళ్లతో నెట్టుకొస్తున్నాం. ఒకరోజు పొద్దున ట్యాంకరు ఖాళీగా తిరిగొచ్చింది, ఎందుకంటే అది నింపుకునే బోరు కూడా ఆగిపోయింది. లోపల తొలి కాన్పు అమ్మాయికి ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ తేల్చింది. నీళ్లు లేకుండా థియేటరు తెరవనని కూడా చెప్పింది. పెద్ద ఆసుపత్రిదాకా ఆ అమ్మాయి తట్టుకుంటుందని ఎవరికీ నమ్మకం లేదు. మేనేజరు నావైపు తిరిగి, "మీ పల్లెల దిక్కు యాడన్నా బోరు పోస్తాండాదేమో సూడమ్మా" అన్నాడు.

ఎవరి బోరు పోస్తోందో నాకు తెలుసు. ఆ ఎండల్లో నాలుగు తడులు తప్పితే చెట్లు దక్కవని కూడా తెలుసు.

ట్యాంకరు డ్రైవరు పక్కన కూర్చుని నేనే పోయాను. నాయన పాదులకు నీళ్లు కడుతున్నాడు. చెప్పిందంతా విని, పార పక్కన పెట్టి, చాలాసేపు చెట్లవైపు చూశాడు.

"ఎన్ని దినాలు గావాల?"

"వాన పడేదాంక, నాయనా."

"ఇదేనా నువ్వు సదివే సదువు?"

"ఇది గూడా."

ఆయన పైపు విప్పి ట్యాంకరుకు పెట్టినాక, డ్రైవరుతో, "రోజూ రాప్పా. కరెంటు ఉన్నప్పుడు రా" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ జరిగింది, ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. వాన ఆలస్యంగా వచ్చింది. అప్పటికి తోటలో సగం ఎండిపోయింది. ఆ చెట్లను నాయన తానే గొడ్డలితో కొట్టి వంటచెరకు చేశాడు, ఆ కట్టెలతో వండినన్నాళ్లు అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. అడిగినందుకు ఈరోజుకూ నేను చింతించను. ఆ మొద్దులు చూసినప్పుడు కలిగిన బాధా అబద్ధం కాదు.

ఆ తర్వాత ఉద్యోగమంతా ఆసుపత్రుల్లోనే గడిచింది. ఇప్పుడు నీళ్లు పైపులో వస్తాయి, ఏది తక్కువైనా కంప్యూటర్లో నమోదు చేస్తే ఎక్కడి నుంచో వచ్చి చేరుతుంది. పని తేలికైంది, రోగులకు అదే మేలు. కాకపోతే కావలసినదాన్ని ఒక మనిషి ఎదుట నిలబడి అడగడం, ఇచ్చే మనిషి ముఖం చూస్తూ తీసుకోవడం మా తమ్ముడి కూతురి తరానికి బహుశా ఎదురు కాదు. అది ఆ పిల్లల అదృష్టమని అనుకోబోతాను, ఎందుకో పూర్తిగా అనుకోలేను.