నీలి గీత విరిగిన చోట

నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. ఈ ఒక్కటి మాత్రం యాభై ఏళ్లు దాటినా పోలేదు.

అరవైల చివర్లో నేనూ నా స్నేహితుడూ తార్నాకలో, లాలాపేట్ వైపు పోయే సందులో ఒకే గదిలో ఉండేవాళ్లం. యూనివర్సిటీలో ఒకే ప్రొఫెసర్ దగ్గర పరిశోధన. ఆ ఏడు ఫెలోషిప్ పొడిగింపు ఇద్దరిలో ఒకరికే, నెలాఖరులోగా ముందు ఫలితాలు చూపించినవాడికి. "ఎవరికొచ్చినా దావత్ ఇద్దరిదిరా" అన్నాడతను.

క్యాంపస్‌లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. వారానికి ఒక్కొక్కరికి అరగంట. అందరి లెక్కలూ ఒకే డిస్క్‌లో ఒకదాని వెనక ఒకటి చేరేవి. అలా చేర్చే ప్రోగ్రాం నేను రాసిందే, చిల్లులు పొడిచిన అట్టకార్డుల కట్ట. అందరూ అదే వాడేవాళ్లు. ఒకరి లెక్క సగంలో ఉండగా ఇంకొకరు దాని మీద రాయకుండా అందులో తాళం పెట్టాను. సగంలో ఉంటే డిస్క్ మీద ఒక గుర్తు పడుతుంది. గుర్తు ఉన్నంతసేపూ రెండోవాడు రాయబోతే మిషన్ ఆగిపోతుంది. ఆ తాళం మొత్తం నాలుగు కార్డులు. ఏ నాలుగో అతనొక్కడికే చెప్పాను, ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, నా గొప్ప నేనే చెప్పుకుంటూ.

నా లెక్కకు మూడు వారాలు పట్టేది. అన్నాళ్లూ అతను ఆగాలి. "చేస్కోరా, నాకేం తొందర" అన్నాడు.

మూడో వారం వెళ్లి చూస్తే నా అంకెల చోట ఎవరివో అంకెలున్నాయి. మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు. ప్రొఫెసర్ అద్దాలు తుడుచుకుంటూ "నీ తాళమే పనిచెయ్యలేదయ్యా" అన్నారు. అయ్యుండొచ్చని తల వంచుకుని ఒప్పుకున్నాను. బయట నా భుజం మీద చెయ్యి వేసి "పోనియ్‌రా, తాళం మళ్ల రాస్కుందం" అన్నవాడు అతనే.

కట్ట జారిపడితే వరస దొరకాలని కార్డుల పై అంచున ఏటవాలుగా ఒక గీత గీసుకోవడం మా అలవాటు. నాది నీలి సిరా గీత. తప్పెక్కడుందో వెతుకుదామని గదిలో కట్ట విప్పాను. గీత మధ్యలో ఒకచోట విరిగి ఉంది. నాలుగు కార్డులు తలకిందుల వరసలో ఉన్నాయి. ఏ నాలుగో చదవకముందే తెలిసింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను, ఏం లాభం? కట్ట అతని ముందు పెట్టాను. బుకాయించలేదు.

"తీసిన. మళ్ల పెట్టిన గదా" అన్నాడు.

"సార్‌కు చూపిస్త."

"చూపియ్. గీత గీసింది నువ్వు, కట్ట ఉన్నది నీ టేబుల్ మీద. నేను తీసిన్నని ఎవరు నమ్ముతరు?"

నమ్మరు. తాళం చెడిందని నా నోటితో నేనే ఒప్పుకుని వచ్చాను కదా. కార్డులు వరసలో సర్ది, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టాను.

ఫెలోషిప్ అతనికే వచ్చింది. దావత్‌కు నన్నూ పిలిచాడు.