పన్నెండు నిమిషాల ముందే వచ్చిన అనుమతి

దెయ్యం కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఇంట్లో ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నా ఉద్యోగం. అత్యవసరంగా హెలికాప్టర్ పంపాల్సి వస్తే దానికి ఆకాశంలో దారి అడిగి తీసుకోవడం నా పని. విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ గదికి ఫోన్ చేసి అడుగుతాను. అనుమతి రాగానే వాళ్లు ఫోన్ చేసి ఒక నంబరు చెబుతారు. దాన్ని రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. ఆ తర్వాతే పైలట్ కదలాలి.

ఆ రోజు కుప్పంలో ఎవరో పెద్దవాళ్ల పర్యటన. పుంగనూరు దాటాక ఏదీ ఎగరకుండా ఆకాశం మూసేశారు. సరిగ్గా ఆ రోజే, గుడుపల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయికి కుప్పం ఆసుపత్రిలో కాన్పయి, రక్తం ఆగక ప్రాణాల మీదికొచ్చింది. ఆమె గ్రూపు రక్తం మా దగ్గరే ఉంది. రోడ్డు మీద పంపితే అందదని అక్కడి డాక్టరమ్మ చెప్పేసింది.

రక్తం పెట్టె హెలికాప్టర్‌లో ఎక్కించాం. అనుమతి అడిగితే ఆగమన్నారు. ఆగడమంటే ఏమిటో ఆ అరగంటలో తెలిసింది నాకు.

మూడూ పదికి ఫోన్ మోగింది.

"రాసుకోప్పా," అన్నాడొక పెద్దాయన. ఆరు అంకెలు చెప్పాడు. కంగారులో చివరి రెండూ తారుమారు చేసి చదివాను.

"తప్పు సదివినావు. నిదానంగా మళ్లా సదువు. ఆ బిడ్డకేం కాదులే."

ఆ కంట్రోల్ గదిలో ఎప్పుడూ ఇంగ్లీషే. మన వైపు ఆయన ఎవరో కొత్తగా చేరాడనుకున్నాను. అంకెలు దిద్ది, టైము వేసి, పైలట్‌కు చెప్పాను. హెలికాప్టర్ లేచింది.

మూడూ ఇరవై రెండుకు మళ్లీ ఫోన్. ఈసారి రోజూ మాట్లాడే ఆఫీసరు. ఆయనకు తెలుగు ముక్క రాదు. అనుమతి వచ్చింది, నంబరు రాసుకోమన్నాడు. నా పుస్తకంలో ఉన్న నంబరే, ఒక్క అంకె తేడా లేదు. ఇందాకే ఇచ్చారు కదా సార్ అంటే, ఇప్పుడే సంతకమైందని గద్దించాడు. అప్పటికి హెలికాప్టర్ పుంగనూరు మీద ఉంది.

తర్వాత విచారణ పెట్టి అన్నీ తిరగేశారు. పుస్తకంలో నా చేతిరాత, దిద్దిన అంకెలు, వేసిన టైము అలాగే ఉన్నాయి. గేటు కెమెరాలో హెలికాప్టర్ మూడూ పద్నాలుగుకే లేచింది. టెలిఫోన్ వాళ్ల లెక్కల్లో మాత్రం మూడూ పదికి మా లైనుకు అసలు ఫోనే రాలేదు. నన్ను సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాశాను. తాగొచ్చావా అని అడగలేదు గానీ, చూపులు అట్లాగే ఉన్నాయి. నేను కాఫీ కూడా తాగను.

ఆ అమ్మాయి బతికింది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ అంది. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

నెల తర్వాత ఆ అమ్మాయి తల్లి సుగుణమ్మ వచ్చింది. చర్చిలో కృతజ్ఞత ప్రార్థన పెట్టుకున్నారట. సాయం చేసిన ప్రతి ఒక్కరినీ దేవుని ముందు పేరు పెట్టి తలుచుకోవాలట. పైలట్ పేరు, రక్తమిచ్చినాయన పేరు, నా పేరు కాగితం మీద రాసుకుంది.

"దారి ఇచ్చినాయన పేరేందప్పా?"

ఆఫీసరు పేరు నాలుక దాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

"తెలీదమ్మా."

"తెలీకపోతే ఎట్లప్పా? నా బిడ్డను నిలిపినోడు గదా. కనుక్కోని సెప్పు."

కనుక్కుంటానన్నాను. ఎవరిని అడగాలో ఇవాళ్టికీ తెలియదు.