బతికున్నట్టు రాసిచ్చిన చీటీ

కరోనా రోజుల్లో కూలిపనికి తీసుకెళ్లే బెంగళూరు రైలు ఆగిపోయి, పాత బంగారు గని కార్మికులుండే కోరమండల్ లైన్ ఇళ్లలో పొయ్యిలు వెలగనప్పుడు మేం ఐదుగురం ఆడవాళ్లం ఆహార బ్యాంకు మొదలుపెట్టాం. మూతపడిన బడిలో ఒక గది, రెండు బల్లలు, ఒక తక్కెడ. రైలు మళ్లీ నడిచింది గానీ మా గది ముందు వరుస తగ్గలేదు. ప్రతి శనివారం పొద్దున మనిషికింత అని బియ్యం, రాగిపిండి, కందిపప్పు ఇస్తున్నాం.

ఏళ్ల తరబడి బడిపిల్లల్ని అదిలించిన నోరు నాది. అందుకే పేర్ల పుస్తకం నాకు అప్పగించారు. ఒక వారం సరుకు చాలక, చివర నిలబడ్డవాళ్లను వట్టి చేతులతో పంపాను. ఆ మర్నాడే తెలిసింది, పుస్తకంలో పేరున్న ఒకాయన ఎప్పుడో చనిపోయాడనీ, ఆయన వాటా కొడుకు పట్టుకుపోతున్నాడనీ. నాకు ఒళ్లు మండిపోయింది. ఇకమీద మనిషి కంటికి కనబడితేనే వాటా అని రాసి గోడకు అంటించాను. మిగతా నలుగురూ ముఖముఖాలు చూసుకున్నారు తప్ప అడ్డు చెప్పలేదు.

తర్వాతి శనివారం ఒక ముసలామె వచ్చింది. భర్త గనిలో పనిచేసినవాడు, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి మంచం పట్టాడు. ఎప్పుడూ ఇద్దరి వాటా ఆమే తీసుకుపోయేది.

“ఆయప్ప లేయలేడమ్మా. నాలుగడుగులేస్తే ఊపిరాడదు.”

“అందురూ ఇదే చెప్తారు. వచ్చే వారం పిల్చుకొని రా. చూసినాకే ఇద్దరిదీ ఇచ్చేది,” అన్నాను.

ఒకరి వాటా పోసిచ్చాను. ఆమె వాదించలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మళ్లీ శనివారం వరుస ఉన్నట్టుండి పక్కకు జరిగింది. ఇద్దరు మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీని చెరోవైపు పట్టుకొని మోసుకొస్తున్నారు. అందులో ఆయన. మోస్తున్నవాళ్లు పక్కింటివాళ్లు, రోజూ బెంగళూరుకు కూలికి పోయేవాళ్లు. ఆ రోజు పని మానుకున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని, మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. ఒళ్లో పింఛను కాగితాల ఫైలు. ఏటా పింఛను కోసం బతికున్నట్టు కనబడి సర్టిఫికెట్ ఇచ్చుకోవడం అలవాటు కదా, మేమూ అదే అడుగుతున్నామనుకున్నాడు.

“వచ్చినానమ్మా... చూడు,” అన్నాడు. మాటమాటకీ ఊపిరి కోసం ఆగుతున్నాడు. “సీలు... వెయ్యి.”

“సీలేం వద్దప్పా. చూసినాను గదా. ఇంగ మీరు రావద్దు, అమ్మొస్తే చాలు.”

ఆయన కదల్లేదు. మళ్లీ మోసుకురమ్మంటానేమోనని భయం. చివరకు పుస్తకంలోంచి కాగితం చింపి, ఈయన బతికే ఉన్నారు, నేను చూశాను అని రాసి సంతకం పెట్టాను. తేదీ వేయమన్నాడు. వేశాను. రెండుసార్లు చదువుకొని ఫైల్లో పెట్టుకున్నాడు. వరుసలో ఒక్కరూ నా వైపు చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. గోడమీది కాగితం ఆ క్షణమే పీకేయాల్సింది. అందరి ముందూ తప్పు ఒప్పుకోలేక, వాళ్లంతా వెళ్లాక పీకాను.

రెండు వారాలు ఆమె వచ్చి ఇద్దరి వాటా తీసుకుపోయింది. మూడో వారం, శనివారం కాకుండానే వచ్చింది. కట్టిన కట్టు విప్పని రాగిపిండి సంచి బల్లమీద పెట్టింది.

“ఆయప్ప పొయినాడమ్మా. ఇది ఆయప్పది. ముట్టలేదు.”

“నువ్వే ఉంచుకోమ్మా,” అన్నాను. సంచి ఆమె వైపే జరిపాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. కొంగు ముడి విప్పి నాలుగు మడతల చీటీ తీసి సంచి పక్కన పెట్టింది. నా చేతిరాతే.

“ఇది ఇంగ చెల్లదు గదా. నాకొకటి రాసియ్యి.”

“నీకెందుకమ్మా?”

“రేపు నేనూ లేయలేకపోతే? పక్కింటోళ్లను ఇంగోసారి పని మానుకోమని అడగలేను.”

“ఎవురూ రావాల్సిన పన్లేదమ్మా. ఆ కాగితం పీకేసినాను, చూడు.”

ఆమె గోడ వైపు చూసింది. నా వైపు చూసింది.

“మళ్లా అంటిస్తే?” అంది.

పెన్ను తీసుకొని రాసిచ్చాను. ఆమె అడగకముందే తేదీ వేశాను.