సీలు లేని తీర్థం

పొద్దున చాయ్ వాసనకే కడుపులో తిప్పిన రోజునే నాకు అనుమానం రావాల్సింది. చాయ్ తాగందే మా గాజుల దుకాణం షట్టర్ ఎత్తని మనిషిని నేను. ఎండ దెబ్బేమోలే అనుకున్నాను. మూడో రోజుకు మూత్రం ముదురు పసుపుగా వచ్చింది. గాజులు వేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమ్మ నా మొహంలోకి చూసి, "బిడ్డా, నీ కండ్లు పచ్చగున్నయేంది? కామెర్లు గావొచ్చు. మా ఊర్ల పసరు పోస్తరు, పోయి రా" అన్నది.

పసరు జోలికి పోలేదు. మా ఆయన నన్ను హన్మకొండలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. రక్తపరీక్షల్లో లివర్ సంగతి చెప్పే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ రెండూ బాగా పెరిగి ఉన్నాయి. ఇంకో పరీక్ష కూడా చేసి డాక్టర్ చెప్పాడు: "హెపటైటిస్ ఇ అమ్మా. ఖరాబు నీళ్లతోని వస్తది. ఈ మధ్యల ఎటన్న పోయిన్రా?"

"నెల కింద నేపాల్ యాత్రకు పోయినం సార్. కానీ నేను సీలు బాటిల్ తప్ప ముట్టలే."

అబద్ధం కాదు. బస్సులో అందరి బాటిళ్ల మూతలూ నేనే తిప్పి చూసేదాన్ని. ఐసు వద్దన్నాను, కోసిపెట్టిన పండ్లు వద్దన్నాను, పళ్లు తోముకోవడానికి కూడా బాటిల్ నీళ్లే వాడించాను. అందరూ నన్ను నీళ్ల ఇన్‌స్పెక్టరమ్మ అని ఎగతాళి చేశారు. నాకు అది గర్వంగానే ఉండేది.

"జర యాది చేసుకోన్రి" అన్నాడు డాక్టర్.

అప్పుడు గుర్తొచ్చింది. కొండ మీద ఒక గుడి దగ్గర ధార పడుతుంటే దోసిలి పట్టి మూడుసార్లు తాగాను. అవి నాకు నీళ్లని తోచనే లేదు. తీర్థమాయె! అక్కడే రాగి చెంబు నింపుకున్నాను కూడా.

ఇంటికొచ్చిన మర్నాడు ఆ చెంబుకు పూజ చేసి, ఇంట్లో అందరికీ ఉద్ధరిణెతో తీర్థం ఇచ్చాను. మా కోడలు సౌమ్యకు అప్పుడు ఏడో నెల. కడుపులో బిడ్డకు కూడా పుణ్యం రావాలని ఆమెకు ఇంకో రెండు ఉద్ధరిణెలు ఎక్కువే పోశాను.

ఆ మాట చెప్పగానే డాక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. "మీకు తగ్గిపోతదమ్మా. కడుపుతోని ఉన్నోళ్లకు ఆఖరి నెలలల్ల వస్తే లివర్ ఫెయిల్ గావొచ్చు. ఆమెకు ఇయ్యాల్నే లివర్ పరీక్ష, ఎల్‌ఎఫ్‌టీ చేయించున్రి. ఒక్కసారి నార్మల్ వచ్చిందని ఊకోవద్దు, కాన్పు దాకా చూస్కుంటనే ఉండాలె."

సౌమ్య మొదటి రిపోర్టు నార్మల్ వచ్చింది. నాకేమో వాంతులు ఆగక నాలుగు రోజులు దవాఖానలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. నా లివర్ సంగతి నేను పట్టించుకోలేదు. కొడుకు ఫోన్ చేసిన ప్రతిసారీ "సౌమ్య కండ్లెట్లున్నయిరా?" అనే అడిగేదాన్ని. ఇంటికొచ్చాక వేరే బాత్రూమ్ వాడాను, వంటింట్లో అడుగు పెట్టలేదు. వారం వారం ఆమెకు రక్తపరీక్ష. రిపోర్టు వచ్చేదాకా ముద్ద దిగేది కాదు.

తర్వాత ఒక మధ్యాహ్నం కొడుకు పైనుంచి పరుగున దిగి వచ్చాడు. "అమ్మా, సౌమ్యకు పొద్దుటి సంది వాంతులైతానయి."

దవాఖాన బెంచీ మీద కూర్చుని, పుట్టేది మనవడైనా మనవరాలైనా బిడ్డ ఎత్తు బెల్లం తూచి ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. నా పుణ్యం పిచ్చి ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చిందని ఏడుస్తూనే ఉన్నాను. రెండు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి, "లివర్ మంచిగనే ఉన్నదమ్మా. ఇది ఎసిడిటీ. ఫికర్ జెయ్యకున్రి" అన్నది. ఆమె చెయ్యి పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు.

నెల తిరిగేసరికి మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పురుడు కడిగిన రోజు సౌమ్య మెల్లగా అన్నది: "అత్తమ్మా, ఏమనుకోవద్దు. ఆ దినం ఆ నీళ్లు జూస్తే భయమైంది. వద్దందామనుకున్న. తీర్థం వద్దంటే మీ మనసు నొస్తదని తాగిన."

నాకు సిగ్గేసింది. బస్సెడు మందిని ఆపగలిగాను గానీ, నన్ను ఆపే వీలు నా ఇంట్లో పిల్లకు ఇవ్వలేదు.

ఇప్పుడు నా రిపోర్టులు బాగున్నాయి, దుకాణానికి వెళ్తున్నాను, చాయ్ కూడా తాగుతున్నాను. ఏ దేశం పోయినా సీలు బాటిల్ నియమం గుడి మెట్ల దగ్గర ఆపేయకండి. తీర్థం కళ్లకద్దుకోండి, తల మీద చల్లుకోండి. నోట్లో పోసుకోవాలంటే మాత్రం తెర్లి మసిలేదాకా కాచి చల్లార్చండి. కాస్తే పుణ్యం పోతుందని ఏ దేవుడూ నాకింతవరకు చెప్పలేదు.

మొన్న పక్కింటావిడ యాత్ర నుంచి వచ్చి చెంబు పట్టుకుని మా గడప దగ్గర నిలబడింది. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను. లోపలి నుంచి సౌమ్య, బిడ్డను చంకనేసుకుని వచ్చి, "అట్ల వద్దక్కా, ఇంత గిన్నెల పొయ్యున్రి. కాచినంక తీస్కుంటం" అన్నది గట్టిగానే.

నేను చెయ్యి వెనక్కి తీసుకుని, గిన్నె తేవడానికి లోపలికి వెళ్లాను.