సముద్రంలో దిగిన గూడ్సుబండి

తుప్పు పొడిలో వేడి జిగురునీళ్ళు కలిపితే, తడిసిన మేకుల డబ్బా మూత తీసినట్టు ఒక వాసన వస్తుంది. ఫెరార్గంజ్‌లో మా ఇంటి వసారాలో వాన చూస్తూ బొమ్మ రైలుపెట్టెలకు ఈ రంగు కలపడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ వాసన నన్ను ఎనిమిదేళ్ళ పిల్లను చేసి నాన్న పక్కన కూర్చోబెడుతుంది.

నాన్న బడిపంతులు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికని ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అక్కడ తాత రైలు పట్టాల మీద గ్యాంగుమన్. రైలన్నది లేని ఈ దీవుల్లో నాన్నకు రైలు మీదే బెంగ. మే నెలలో మొదలై నెలల తరబడి విడవని వానల్లో, చాతం కోతమిల్లు నుంచి తెచ్చుకున్న పడాక్ చెక్కముక్కలతో జానెడేసి గూడ్సు పెట్టెలు చేసేవాడు. "కొత్త గూడ్సుబండిని ఎవుడు సూసినాడు?" అంటూ, జెట్టీలో పాత పడవలకు గీకిన తుప్పును చీరపేలికలో జల్లించి, పొయ్యి మసి, టీ డికాషను, జిగురునీళ్ళు కలిపి, కోడి ఈకతో అద్ది, ఒక్కో పెట్టెను నెల్లాళ్ళు కూర్చుని ముసలిదాన్ని చేసేవాడు. "నాకు రప్పించిన ముసలితనం సాలదేటి?" అని అమ్మ దెప్పేది.

ఒక వినాయక చవితినాడు, కుడుముల ఆవిరీ బెల్లం పాకం వాసనా తుప్పు వాసనతో కలిసిపోయిన పూట, పదకొండో పెట్టెను తుప్పు వెయ్యమని నా చేతికిచ్చి నాన్న పత్రి కోసం వెళ్ళాడు. ఆయన వరసలో నా పెట్టె కూడా నిలబడాలి, అదొక్కటే నా కోరిక. నాకు తెలిసిన తుప్పంతా ఓడలది. అడుగు నుంచి సగం దాకా తుప్పు పూసి, తిన్నగా నీటిగీత గీసి, గీత కింద పాచిరంగు, పైన ఉప్పు చారలు వేసి, ఓడ అడుగున పట్టే గుల్లల్ని సున్నంతో చక్రాలకు కూడా అంటించాను.

"ఓలమ్మోలమ్మ! గూడ్సుబండిని సముద్రంలో దింపీసినావేటే!" అని నాన్న పడీపడీ నవ్వి, "ఆవో భయ్యా, జరా దేఖో" అని పక్కింటాయన్ని కూడా పిలిచాడు. నేను కుడుము ముట్టకుండా ఏడుస్తూ కూర్చున్నాను. చివరికి దగ్గరకు తీసుకుని, "వాన మీదనుంచే పడతాది కదా, రైలుకి తుప్పు కూడా మీదనుంచే కారతాది. నీకెలా తెలుస్తాది, నువ్వు సూడనేదు కదా" అన్నాడు. తన కూతురికి రైలంటే తెలియదన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టిందనుకుంటాను.

దాన్ని నేను సరిదిద్దబోతే నాన్న చెయ్యి వెయ్యనివ్వలేదు. మరుసటి వేసవిలో తాతను చూడ్డానికి ఓడెక్కినప్పుడు, పదకొండింటిలో ఆ ఒక్క పెట్టెనే పట్టుకెళ్ళాడు. తాత దాన్ని తన పాత చేతిదీపం పక్కన పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ "మా మనవరాలి ఊర్లో బళ్ళు ఇలాగే ఉంతాయి" అని గొప్పగా చూపించేవాడట.

తాత పోయాక అది ఏమైందో ఎవరికీ తెలియదు. నాన్నా పోయాడు. జెట్టీలో ఫైబర్ పడవలు వచ్చాక గీకడానికి తుప్పు కూడా కరువైంది. విశాఖ వెళ్ళినప్పుడల్లా గూడ్సుబళ్ళను కళ్ళారా చూశాను. తలుపు గడియ కింద తుప్పు ఎలా కారుతుందో నాకిప్పుడు కంఠతా వచ్చు. కానీ నాకు కావలసింది ఆ పదకొండో పెట్టె. నిరుడు కావాలనే అడుగు నుంచి తుప్పు పూసి దాన్ని మళ్ళీ చేశాను. నీటిగీత, పాచి, గుల్లలు అన్నీ కుదిరాయి. అయినా రైలును చూసినవాళ్ళు చేసిందని చూడగానే తెలిసిపోతోంది. నాన్న ఉన్నా దీన్ని చూసి నవ్వడు.