ముళ్ళు తీసిన పల్లేరుకాయలతో సూరత్‌కు

వరంగల్ నుంచి సూరత్‌కు పోయేవాళ్ళకు సవాలక్ష కారణాలుంటాయి. కొందరు మగ్గాల మీద పనికి పోతారు, కొందరు చీరల బేరానికి పోతారు. నేను పల్లేరుకాయలు మోసుకుని పోయాను. భూగోళం మీద ఈ పని చేసిన మొదటి మనిషిని నేనేనని నా గట్టి నమ్మకం.

కాయలు అడిగింది కీర్తన. మా ఆవిడ సుగుణ తమ్ముడు రమేశ్ బ్యాంకు ఉద్యోగంతో సూరత్‌లో స్థిరపడ్డాడు. అతని కూతురీ పిల్ల. అక్కడే పుట్టి పెరిగి, ఇప్పుడు మందుమొక్కల మీద ఎం.ఫార్మసీ చేస్తోంది. పల్లేరులో చూడ్డానికి కవలల్లా ఉండే రెండు జాతులున్నాయట. కాయ పైతొక్కను మైక్రోస్కోపులో చూస్తే తప్ప ఏది ఏదో తేలదట. అక్కడి జాతి దొరికింది, మన వైపు జాతి కావాలి. సోమవారం వాళ్ళ మేడమ్‌కు చూపించకపోతే చదువు ఆరు నెలలు వెనక్కి. "పార్సిల్‌ని నమ్మలేను మామయ్యా, మీరే తేండి" అంది. ఊరి బయట చెలకల్లో తిరిగి ఏరాను. సంచిలో పడ్డవాటికంటే నా అరికాళ్ళలో దిగినవే ఎక్కువ.

శనివారం రాత్రి ఏడున్నరకు అహ్మదాబాద్ బండి ఎక్కాను. స్లీపర్లో పైబెర్తు. నా పొట్టకూ రైలు కప్పుకూ మధ్య దోమ దూరే సందు కూడా లేదు. కింద బెర్తులో మల్లేశం అని, సూరత్ సలాబత్‌పురాలో మగ్గం నడిపే మనిషి. నేను చపాతీలూ టమాట తొక్కూ విప్పగానే స్నేహం కుదిరింది.

"ఏంది సారూ, గా సంచిల?"

"పల్లేరుకాయలు."

"గవి సూరత్‌ల పట్టాల పొంటి గూడ మొలుస్తయ్ గద! గుజరాత్‌కు ఉప్పు మోస్తున్నవా సారూ?"

"ఇది వేరే జాతి. కాయ మీది వెంట్రుకలు చూసి జాతి చెప్తారట."

మల్లేశం తన నున్నటి తల ఓసారి నిమురుకున్నాడు. "గట్లయితే నన్ను ఏ జాతిల ఏస్తరో జర అడుగు సారూ."

పొద్దున భుసావల్‌లో అరటిపళ్ళు, చాయ్. ఆ చాయ్‌లో పంచదార ఎంత ఉందంటే, చెంచా నిలబెడితే నిలబడేది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సూరత్‌లో దిగి, ఆటోలో రమేశ్ ఇల్లు చేరాను. భోజనం కాగానే, కోహినూరు బయటికి తీసే దర్జాతో సంచి విప్పాను.

కీర్తన దగ్గర కతర్‌గామ్ వజ్రాలవాళ్ళు కంటికి పెట్టుకునే బుల్లి భూతద్దం ఉంది. ఒక కాయ చూసింది, రెండోది చూసింది, తర్వాత నన్ను చూసింది.

"మామయ్యా, ముళ్ళేవి?"

"మీ అత్తమ్మ తీసింది! నీ వేళ్ళకు గుచ్చుకుంటాయని పెనం మీద వెచ్చజేసి, రోట్లో పైపైన దంచి, చేటలో చెరిగి..."

మా ఇంట్లో ఆచారం అది. చింతపండైతే గింజ తీయకుండా, పప్పైతే రాయి ఏరకుండా పిల్లలకు పంపరు. ఇక ముళ్ళతో పంపుతారా?

కీర్తన మొహం నాలుగు రోజుల వంకాయలా వాడిపోయింది. "నాకు కావాల్సింది కాయ కాదు మామయ్యా, దాని పైపొర. దాని మీద వెంట్రుకలుంటాయి. ఒక జాతికి పొడుగ్గా, దట్టంగా. ఇంకో జాతికి పొట్టిగా, పలచగా. అదే దాని ఆధార్ కార్డు. అదంతా దంచేశారు. బస్, పతీ గయుం!"

అయిపోయిందని ఆ గుజరాతీ మాటకు అర్థం. రమేశ్ చెప్పకముందే నాకు అర్థమైంది.

పిల్లను ఊరడించడానికి సాయంత్రం మమ్మల్ని డుమస్ బీచికి తీసుకెళ్ళాడు రమేశ్. అక్కడ టమాట భజియా తినకుండా వచ్చేవాణ్ణి సూరత్‌వాళ్ళు మనిషి కింద లెక్కెయ్యరు. నేను రెండు పొట్లాలు తిని రెండు జన్మల మనిషినయ్యాను. కీర్తన ఒక్కటీ ముట్టలేదు. సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

"ఊకో బిడ్డా," అన్నాడు రమేశ్, "మా అక్క శుభ్రం సంగతి నాకెరుక. చిన్నప్పుడు నాకు తానం చేపిస్తే తోలు గూడ మిగలకపోయేది."

"పప్పా, మీ తోలు మీద నేను థీసిస్ రాయట్లేదు కదా!"

సోమవారం పదింటికి నేనూ కాలేజీకి వెళ్ళాను, దోషిగా హాజరు కావడానికి. మేడమ్ పొట్టిగా, తెల్లజుట్టుతో, కళ్ళతోనే మార్కులు తగ్గించేలా ఉంది. కీర్తన జరిగింది చెప్పింది. మేడమ్ ఒక కాయను చిన్న పట్టకారుతో పట్టుకుని నొక్కింది. పల్లేరుకాయ అంటే నిజానికి అయిదు ముక్కలు అతుక్కుని ఉన్న కాయ. అది టప్పున విడింది. ఒక ముక్క లోపలి పక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, "ఇధర్ దేఖో" అంది.

కీర్తన చూసింది. కేక పెట్టింది. పక్క గదిలోంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు.

నన్నూ చూడనిచ్చారు. దేవుడా! అది కాయ కాదు, కొండచరియ. ముక్కా ముక్కా కలిసే అంచున, లోయలో, తెల్లటి వెంట్రుకలు పొడుగ్గా, దట్టంగా నిలబడి ఉన్నాయి. రోకలి పోటు ఆ సందులోకి చేరలేదు. పక్కన పెట్టిన గుజరాత్ కాయకు అదే చోట పలచగా, పొట్టిగా ఉన్నాయి. ఏది ఏదో నాలాంటి మందమతికీ తెలిసిపోయింది.

"బాజార్ మే కాంటేవాలా కౌన్ బేచ్తా హై?" అంది మేడమ్, ముళ్ళున్న కాయ బజార్లో ఎవరమ్ముతారని. నిజమే. మందుల దుకాణాల్లో ముళ్ళు దులిపిన కాయే ఎక్కువ అమ్ముతారు. దులిపిన కాయను కూడా సందుల్లో చూసి గుర్తుపట్టొచ్చంటే, థీసిస్‌కు అసలు పనికొచ్చేది అదేనట. కానీ ఎలా దులిపారో రాయాలట. అక్కడినుంచే కీర్తన ఫోన్ కలిపింది.

"అత్తమ్మా, ఎంతసేపు వెచ్చజేశారు?"

"కమ్మటి వాసన వచ్చేదాక."

"ఎన్ని నిమిషాలు?"

"వాసనకు గడియారం ఏడిదే పిల్లా?"

ఆ సాయంత్రం కీర్తన రెండు ప్లేట్లు భోంచేసింది. నేను లెక్క పెట్టలేదు, రమేశ్ లెక్క పెట్టాడు.

మంగళవారం తిరుగు బండి. సూరత్‌లో ఏం చూశారని అందరూ అడుగుతారు. వజ్రాలు చూడలేదు, జరీ చూడలేదు. గోరంత కాయ పగుల్లో అడవిని చూశాను, ఒక పిల్ల మొహం వెలగడం చూశాను. మీరూ పోతే డుమస్ భజియా తినండి, పైబెర్తు మాత్రం తీసుకోకండి.

నందుర్బార్ దాటాక సుగుణకు ఫోన్ చేసి, నీ రోకలి సందుల్ని వదిలేయడం వల్లే పిల్ల గట్టెక్కిందని పొగిడాను.

"ఇడిచిపెట్టుడేంది?" అంది. "సందులు గూడ కుంచెతోని దులుపుదామని ముందటేసుకున్న. బండికి టైమైతుందని మీరే గద లొల్లి పెట్టి సంచి గుంజుకున్నది!"

అంటే ఆ థీసిస్‌ను కాపాడింది నేనేనన్నమాట. ఆ సంగతి వరంగల్ వచ్చేలోగా పెట్టెలో అందరికీ చెప్పాను. నిద్రపోతున్నవాళ్ళను లేపి మరీ చెప్పాను.